టికెట్టు వెనక

పొద్దుగాల ఐదుంబావుకు హన్మకొండ బస్టాండుల
ఏటూరునాగారం బోర్డు పెట్టుకున్న బండి నాది.
మెడల మిషను, చంకల సంచి.
సంచి ఇప్పుడు తేలికైంది.

ఒకప్పుడు డెబ్బై టికెట్లు కొట్టేసరికి
ఎడమ భుజం బిళ్లల బరువుకు వంగేది.
అయినా ఇయ్యబోతే చిల్లర ఉండకపోయేది.
టికెట్టు వెనక ముప్పై అని రాసి
చుట్టూ సున్నా చుట్టేదాన్ని.
లేకుంటే ముందు సీటు ముసలాయనకు, వెనక సీటు పిలగానికి
కలిపి ఒక్క నోటు చేతుల పెట్టి
"ఇద్దరు పంచుకోండ్రి" అనేదాన్ని.
ములుగుల దిగి, ఒకరినొకరు ఇడువకుండ,
చాయ్ హోటల్ కాడ ఆ నోటు విడిపించుకునేదాకా
వాళ్లు చుట్టాల లెక్క నడిచిపోతుంటే
కిటికీలకెళ్లి చూసేదాన్ని.

ఇప్పుడెవ్వరు ఎవ్వరికి బాకీ లేరు.
మిషను మీద నలుపు తెలుపు గళ్లు వస్తయి,
ఫోను చాపుతరు, టింగుమంటది.
ఇరవై ఏడంటే ఇరవై ఏడే.

ఆడోళ్లకు సున్నా టికెట్టు, ఆధార్ చూపిస్తే.
నాట్లకు పోయే వెంకటాపూర్ ఆడోళ్లు
ఫోన్లున్న ఫొటో చూపిస్తరు,
పగిలిన అద్దం కింద
తమ ముఖమే తమకు పోలని ఫొటో.
అసలు కార్డే కావాలంటది రూలు.
రోజూ చూసే ముఖం కంటే అసలుదేముంటది?

పస్రా దాటినంక అడివి.
ఆ మలుపుల్ల టవరుండదు.
నీ ఖాతాల ఎంతున్నదో టేకు చెట్టుకు తెల్వది.

వానకాలం ఒకనాడు
పస్రాల ఉరికొచ్చి ఎక్కిన పిలగాడు,
నేను వాని దాకా పోయేసరికి
ఫోను నెత్తి మీదికి ఎత్తి పట్టుకొని నిలవడ్డడు.
పైసలు దాంట్లనే. సర్టిఫికెట్లు దాంట్లనే.
రేపటి కాజీపేట రైలు టికెట్టు దాంట్లనే.
తను ఎవరన్నది కూడ దాంట్లనే.
తెర మీద గుండ్రం తిరుగుతనే ఉన్నది,
నీళ్లందని బోరు మోటరు లెక్క.
జేబులు బయటికి తీసి చూపించిండు:
ఒక దువ్వెన, రెండు పల్లీలు.
చెవులు ఎర్రగైనయి.
"దించకండ్రి మేడం, పదింటికి ఆఫీసుల పిలిచిండ్రు."

ముందట చెకింగోళ్లుంటే మెమో నాకే.
నా పర్సుల అరవై ఐదు తీసి
నా సంచిలనే ఏసి టికెట్టు కొట్టిన.
ఫోన్ నెంబరు రాసుకోను
వాని దగ్గర కాయితం లేదు, పెన్ను లేదు.
టికెట్టు వెనక నేనే రాసిన,
ఎన్నేండ్లకో.
బాకీ ఈసారి అటు నుంచి.
చేతి అలవాటు, చుట్టూ సున్నా చుట్టిన.

రాత్రి డిపోల లెక్క అప్పజెప్పొచ్చి
గిన్నెలు తోముతుంటే ఫోను మోగింది.
ఒక్క రూపాయి.
ముందు ఒక్కటి పంపి
మనిషి సరైనోళ్లేనా అని తలుపు తట్టి చూసుడు.
దాని ఎనకనే ఒక మాట:
"చింతకింది రాజకొమురమ్మ, మీరేనా?"

చేతుల నిండ సబ్బు నురుగు.
డిపోల నన్ను రాజీ అంటరు.
బస్సుల ఓ మేడం, ఓ కండక్టరమ్మ.
ఇంట్ల బన్నీ వాళ్లమ్మ.
ఆధార్ల ఇంటిపేరు కోడెపాక.
ఆ ఖాతా స్కాలర్‌షిప్ కోసం
పదో తరగతిల తెరిచింది,
మా నానమ్మ పేరు, మా నాయిన ఇంటిపేరు.
మార్చుకోమని బ్యాంకోళ్లు రెండుమార్లు చెప్పిండ్రు.
పోలే. ప్రేమతోని కాదు, తీరిక లేక.
ఇప్పుడు అడివిల టికెట్టు లేనోడు
నన్ను గుర్తింపు అడుగుతున్నడు.

కొంగుకు చెయ్యి తుడుచుకొని
ఒక్కో అక్షరం ఒత్తిన:
"నేనే."

అరవై నాలుగు వచ్చినయి.